‘పడదు’ అను మాటయు, రక్తపరీక్షయు

మన తెలుగువారి భోజనపు పంక్తిలో తరచుగా వినవచ్చు చిన్న మాటలలో ‘పడదు’ అనునది ఒకటి. “నాకు వంకాయ పడదమ్మా, వెయ్యకు” అని చుట్టము విస్తరికి చేయి అడ్డము పెట్టును. “మా పెద్దవాడికి పాలు పడవు” అని తల్లి చెప్పును. “గోధుమరొట్టె పడడం లేదురా, కడుపు బిగుస్తున్నది” అని తాతగారు అందురు. వినుటకు చిన్న మాటయే గాని, దానిలో నాలుగైదు వేరువేరు సంగతులు ఇమిడియున్నవి. ఈ నడుమ ఆ మాటకు తోడుగా మరియొక వస్తువు మన యిండ్లకు వచ్చి చేరినది. అది రక్తపరీక్షాశాల పంపు కాగితము. ఒక్కసారి రక్తము తీసి, యిరువది మొదలు మున్నూరు వరకు పదార్థములను పరీక్షించి, ఏది పడునో ఏది పడదో ఆ కాగితము చెప్పునని పలువురి నమ్మకము. ఆ నమ్మకము ఎంతవరకు నిజము, ఎక్కడినుండి పొరపాటు అను విషయమును నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

మఠంపల్లిలో నొక కుటుంబమును ఊహింతము. మఠంపల్లి సూర్యాపేట జిల్లాలో కృష్ణానదికి చేరువనున్న మండల కేంద్రము. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరి పండు సీమ యది. ఆ మండలములోనే కృష్ణ యొడ్డున మట్టపల్లి నరసింహస్వామి కొలువై యున్నాడు. మన యూహలోని కుటుంబమునకు ఆరేండ్ల పిల్లవాడు కలడు. వానికి అప్పుడప్పుడు ఒంటినిండ దద్దుర్లు లేచును. ఒకసారి పెదవులు కూడ వాచినవి. తలిదండ్రులు భయపడి, పట్టణమునకు తీసికొనిపోయి రక్తమిచ్చి వచ్చిరి. కొన్ని దినములకు కాగితము వచ్చినది. అందు 60 పదార్థముల పేర్లు, వాని కెదురుగా అంకెలు. 19 పేర్లకు ఎఱ్ఱ గుర్తులు. అన్నము, గోధుమ, పాలు, గ్రుడ్డు, కందిపప్పు, శనగపప్పు, పల్లీలు, నువ్వులు, వంకాయ, టమాట, రొయ్యలు మొదలైనవన్నియు అందున్నవి.

తల్లి ఆ కాగితమును వంటింటి గోడకు అంటించినది. పప్పు మానినది, పాలు మానినది, గ్రుడ్డు మానినది. అన్నము మాన్పించుట ఎట్లో తెలియక కన్నీరు పెట్టుకొన్నది. మూడు నెలలు గడచునప్పటికి పిల్లవాని బరువు తగ్గినది. దద్దుర్లు మాత్రము తగ్గలేదు. ఇంత కఠినపథ్యము చేసినను ఫలితము లేకపోయెగదా యని విసిగి, ఆ తండ్రి కాగితమును చింపివేయుటకు సిద్ధమైనాడు. ఆ కాగితమును నమ్మి పిల్లవానిని పస్తుపెట్టుట సరియా? చింపి పారవేయుట సరియా? రెండును సరికాదని మా మనవి. కారణము తెలియుటకు ముందు ‘పడదు’ అను మాటను కొంచెము విప్పి చూడవలెను.

ఒక పదార్థము పడకపోవుటకు మొదటి కారణము ఆ పదార్థమే చెడియుండుట. నిలువయున్న చేప తిన్నవారికి ముఖము ఎఱ్ఱబారి దద్దుర్లు లేచుట కలదు. కొన్ని జాతుల చేపలను చల్లదనమున ఉంచనప్పుడు సూక్ష్మజీవుల చేత వానియందు హిస్టమిన్ అను పదార్థము పుట్టును. తిన్నవారి శరీరములో దోషమేమియు లేదు, దోషము చేపలోనిదే. తాజా చేప తిన్నయెడల వారికేమియు కాదు.

రెండవ కారణము జీర్ణశక్తికి సంబంధించినది. పాలలోని చక్కెరను లాక్టోజు అందురు. దానిని విడగొట్టుటకు చిన్నప్రేగులో లాక్టేజు అను ఎంజైము కావలెను. పసితనమున సమృద్ధిగా నుండు ఈ ఎంజైము పెద్దవారిలో పెక్కుమందికి తగ్గిపోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు మనవారిలో ఈ కొరతను గూర్చి 1972లోనే ప్రకటించిరి. 1981లో వెలువడిన మరియొక పరిశోధనలో ఉత్తరాదివారిలో రమారమి 27 శాతము మందికి, దక్షిణాదివారిలో సుమారు 66 శాతము మందికి ఈ కొరత కానవచ్చినది. ఇట్టివారికి పాలు త్రాగిన కడుపుబ్బరము, విరేచనము కలుగును. పెరుగు, మజ్జిగ చాలవరకు సరిపడును. ఇది అలర్జీ కాదు. అలర్జీ రక్తపరీక్ష దీనిని పట్టుకొనజాలదు.

మూడవది గోధుమకు సంబంధించిన సీలియాక్ వ్యాధి. ఇందు శరీరరక్షణ వ్యవస్థయే ప్రేగు పొరను దెబ్బతీయును. దీనికి వేరే రక్తపరీక్ష కలదు. 2016లో ప్రకటింపబడిన పరిశోధనలో ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉత్తర భారతమున 1.23 శాతము మందిలోను, దక్షిణమున 0.10 శాతము మందిలోను కనబడినవి. మన ప్రాంతమున అరుదే గాని లేకపోలేదు. ఈ పరీక్షకు ముందుగా గోధుమ మానివేసిన యెడల ఫలితము తప్పుగా వచ్చును గనుక, అనుమానము కలిగినవారు తామే పథ్యము మొదలుపెట్టక వైద్యుని అడుగవలెను.

నాలుగవదియే అసలైన అలర్జీ. ఈ మాటను 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించెను. రోగములను ఎదిరించుటకై మన రక్తములో ప్రతిరక్షకములు పుట్టును. డాక్టరులు వీనిని యాంటీబాడీలందురు. ఒక్కొక్కప్పుడు శరీరము పొరబడి, ఆహారములోని మాంసకృత్తును శత్రువుగా నెంచి దానిపై ప్రతిరక్షకములను తయారుచేయును. అవి చర్మములోను, ప్రేగులలోను, శ్వాసమార్గములోను ఉండు కొన్ని కణములకు అంటుకొని కాచుకొనియుండును. మరల ఆ పదార్థము లోపలికి వచ్చినప్పుడు ఆ కణములు పగిలినట్లై హిస్టమిన్ మొదలగు వానిని వెదజల్లును. దద్దుర్లు, వాపు, వాంతి, ఆయాసము నిమిషములలో కలుగును. మిక్కిలి తీవ్రమైనప్పుడు రక్తపుపోటు పడిపోయి ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

రక్తములో ఇట్టి పదార్థమొకటి కలదని మొదట చూపినవారు జర్మనీ దేశమునకు చెందిన ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అను ఇద్దరు వైద్యులు. క్యూస్ట్నరుకు చేప పడదు. 1921లో ఆయన రక్తపు తేటను ప్రౌస్నిట్జ్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అచ్చటనే చేపసారమును గ్రుచ్చుకొనెను. చేప చక్కగా పడు ఆయన చర్మము ఆ చోట మాత్రము దద్దురై లేచినది. అనగా ‘పడనితనము’ రక్తముతోపాటు ఒకరినుండి మరియొకరికి బదిలీ అయినదన్నమాట. ఆ పదార్థమేదో తేలుటకు మరి 45 ఏండ్లు పట్టినది. 1966–67 సంవత్సరములలో అమెరికాలో పనిచేయుచుండిన ఇషిజాకా దంపతులు, స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా దానిని కనుగొనిరి. 1968లో దానికి ఐ.జి.ఇ. అను పేరు స్థిరపడినది. 1967లోనే స్వీడను శాస్త్రజ్ఞులు దానిని కొలుచు రక్తపరీక్షను ప్రకటించిరి. నేటి పరీక్షలన్నియు ఆ పరీక్ష సంతానమే.

ఇక పరీక్ష జరుగు తీరు. ఉదాహరణకు పల్లీల పరీక్షను తీసికొందము. పల్లీలలోని మాంసకృత్తులను స్పంజి వంటి చిన్న బిళ్ళకు పట్టించియుంతురు. రోగి రక్తము గడ్డకట్టగా పైకి తేలిన పసుపువన్నె తేటను దానిపై పోయుదురు. పల్లీలకు సరిపడు ఐ.జి.ఇ. ఉన్నయెడల, అది తాళమునకు చెవివలె ఆ మాంసకృత్తుకు అతుకుకొనును. తక్కిన దానిని కడిగివేయుదురు. పిమ్మట ఐ.జి.ఇ.ని మాత్రమే పట్టుకొను మరియొక ప్రతిరక్షకమును కలుపుదురు. దానికొక గుర్తు తగిలించియుండును. తొలినాళ్ళలో ఆ గుర్తు రేడియోధార్మిక పదార్థము. నేడు వెలుగునిచ్చు రసాయనమును పుట్టించు ఎంజైము. ఎంత వెలుగు వచ్చినదో యంత్రము కొలిచి అంకెగా మార్చును. లీటరునకు 0.35 కిలోయూనిట్లు అను కొలత చాలకాలము హద్దుగా నుండెను. నేటి యంత్రములు 0.1 వరకు చూడగలవు.

ఈ పరీక్షకు పరగడుపున ఉండనక్కర లేదు. దురదకు వాడు మాత్రలు ఆపనక్కర లేదు. చర్మముపై చుక్క వేసి సూదితో గీరి చూచు పరీక్షకైతే ఆ మాత్రలు కొన్ని దినములు ముందుగా ఆపవలెను. చర్మమంతయు గజ్జితో నిండిన పిల్లలకు ఆ పరీక్ష చేయుట కష్టము. అట్టివారికి రక్తపరీక్ష ఎంతయో ఉపకారి. కనుక పరీక్ష చెడ్డదని మేము చెప్పుట లేదు. యంత్రము అబద్ధమాడదు. దాని నేమి అడిగితిమో, అది దేనికి జవాబు చెప్పినదో తెలిసికొనకపోవుటయే పొరపాటు.

యంత్రము చెప్పునది ఒక్కటే మాట: “ఈ రక్తములో ఈ పదార్థమునకు అతుకుకొను ఐ.జి.ఇ. కలదు.” ఈ మనిషి ఆ పదార్థము తిన్నయెడల జబ్బుపడునని అది చెప్పుట లేదు. ఈ రెంటికి నడుమ ఎంత దూరమున్నదో మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకములో జరిగిన పరిశోధన తేటపరచినది. బెంగుళూరు, మైసూరు ప్రాంతముల పెద్దవారిపై జరిగిన ఆ పరిశోధన 2016లో వెలువడినది. ఏదో యొక ఆహారమునకు రక్తములో ఐ.జి.ఇ. కలవారు 26.5 శాతము మంది. ఆహారము తిన్నప్పుడు బాధయు, దానికి తగిన ఐ.జి.ఇ.యు రెండును కలవారు, అనగా నిజముగా అలర్జీ ఉన్నదని చెప్పదగినవారు, 1.2 శాతము మాత్రమే. వేయిమందిని లెక్కగొన్నచో రక్తములో గుర్తు కలవారు 265 మంది. జబ్బు కలవారు 12 మంది. సుమారు 22 మందికి గుర్తు కనబడిన, అందొక్కరికే జబ్బు.

మన వంకాయ కథయు ఇట్టిదే. మైసూరులో 741 మందిపై జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో, తామే చెప్పిన అనుభవమువలన గాని చర్మపరీక్షవలన గాని వంకాయ పడనివారుగా తేలినవారు 9.2 శాతము. అందు నిజమైన ఐ.జి.ఇ. అలర్జీ కలవారు 0.8 శాతము మాత్రమే. వంకాయలో సహజముగానే హిస్టమిన్ వంటి పదార్థములు కొన్ని యున్నవి. నోరు దురదపెట్టుటకు పెక్కుసారులు అవియే కారణము. మన పెద్దలు ‘వంకాయ దురద’ అనినది ఒట్టిమాట కాదు గాని, ఆ దురద అంతయు అలర్జీయు కాదు.

జబ్బు లేనివారి రక్తములో గుర్తు ఏల వచ్చును? ఒక పోలికతో చెప్పెదము. ఒక తాళమునకు చేసిన చెవి, దానిని పోలిన మరియొక తాళములో కూడ దూరవచ్చును. గడ్డిజాతి మొక్కల పుప్పొడికి అలర్జీ కలవారి రక్తములోని ఐ.జి.ఇ., గోధుమ మొదలగు ధాన్యముల మాంసకృత్తులకు కూడ అతుకుకొనును. వరియు గడ్డిజాతిదే. చుట్టును వరిచేలు, గట్లపై గడ్డి ఉన్న పల్లెలో పుప్పొడివలన తుమ్ములు వచ్చువానికి పరీక్షా కాగితములో ధాన్యములపై గుర్తు కనబడుట వింత కాదు. వాడు దినమును మూడుపూటలు అన్నము తినుచు సుఖముగా నుండవచ్చును. అట్లే ఇంటి దుమ్ములోని నల్లులవంటి సూక్ష్మపురుగులలోను, బొద్దింకలలోను, రొయ్యలలోను ట్రోపోమయోసిన్ అను ఒకే తీరు మాంసకృత్తు కలదు. దుమ్ము పడనివానికి రొయ్యపై గుర్తు రావచ్చును. కడుపులో నులిపురుగులున్న పిల్లలకు మొత్తము ఐ.జి.ఇ.యే పెరిగియుండును.

పెక్కు పదార్థములను ఒక్కసారి పరీక్షించుటలోని చిక్కు ఇచ్చటనే యున్నది. ఒక లెక్క వేసి చూతము. ఒక్కొక్క పదార్థపు పరీక్షలో నూటికి 5 సారులు మాత్రమే అక్కరలేని గుర్తు వచ్చుననుకొందము. ఇది మంచి పరీక్షయే. అట్టి పరీక్షలను, ఒకదానితో నొకటి సంబంధము లేనివానిని, 60 చేసిన యెడల ఆరోగ్యవంతునికి కూడ సగటున 3 గుర్తులు వచ్చును. ఒక్క గుర్తైనను రానివారు నూటికి ఐదుగురికి మించరు. ఇక పుప్పొడియో దుమ్మో పడనివారి సంగతి చెప్పనక్కరలేదు. ఒక్క గుర్తు పది గుర్తులగును. వల ఎంత పెద్దదైన అంత చేప పడుననుట నిజమే గాని, దానితోపాటు నాచును పడును.

అంకె పెద్దదైన జబ్బు పెద్దదనుకొనుటయు పొరపాటే. అంకె పెరిగినకొలది జబ్బు ఉండు అవకాశము పెరుగును. జబ్బు వచ్చినప్పుడు ఎంత తీవ్రముగా నుండునో అది చెప్పదు. న్యూయార్కుకు చెందిన హ్యూ శాంప్సన్ అను వైద్యుడు అమెరికా పిల్లలను పరీక్షించి, గ్రుడ్డునకు 7, పాలకు 15, పల్లీలకు 14 కిలోయూనిట్లు దాటినచో నిజమైన అలర్జీ నూటికి 95 పాళ్ళు ఉండునని 2001లో ప్రకటించెను. ఇట్టి హద్దులు దేశమునుబట్టి, వయస్సునుబట్టి మారును గనుక వానిని మన పిల్లలకు ఉన్నవున్నట్లుగా వర్తింపచేయరాదు. చిన్న అంకెతో ప్రాణాపాయము కలిగినవారును కలరు. పెద్ద అంకెతో హాయిగా తినువారును కలరు. గుర్తు లేనంత మాత్రమున ఏమియు లేదనుటయు చెల్లదు. పసిబిడ్డకు ఆవుపాలవలన మలములో రక్తము పడు వ్యాధి వంటివి ఐ.జి.ఇ.తో సంబంధము లేనివి. వానిని ఈ పరీక్ష చూడజాలదు.

ఇంకొక కాగితమును గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. ‘ఫుడ్ ఇన్‌టాలరెన్స్ టెస్టు’ అను పేరుతో నూరు, రెండువందల పదార్థములకు చేయు పరీక్షలు కొన్ని ఐ.జి.ఇ.ని గాక ఐ.జి.జి. అను మరియొక ప్రతిరక్షకమును కొలుచును. ఐ.జి.జి. ఉండుట జబ్బునకు గుర్తు కాదు. ఆ పదార్థమును మనము తినుచున్నామనుటకు మాత్రమే గుర్తు. దినమును అన్నము పప్పు తినువాని రక్తములో అన్నమునకు, పప్పునకు ఐ.జి.జి. ఉండుట సహజము. ఐరోపా అలర్జీ వైద్యుల సంఘము 2008లోను, అటుపిమ్మట అమెరికా, కెనడా సంఘములును ఆహారపు అలర్జీని నిర్ణయించుటకు ఈ పరీక్ష పనికిరాదని స్పష్టముగా ప్రకటించినవి. కాగితము చేతికి వచ్చినప్పుడు మొదట చూడవలసినది అందు ఐ.జి.ఇ. అని యున్నదా, ఐ.జి.జి. అని యున్నదా యను సంగతి. ఒక్క అక్షరపు భేదమే గాని అందు వేల రూపాయల భేదము, పిల్లవాని భోజనపు భేదము కలదు.

అట్లయిన సరియైన పద్ధతి ఏది? మొదట కథ, పిమ్మట పరీక్ష. అనుభవముగల వైద్యుడు రక్తము తీయుటకు ముందు ప్రశ్నలు వేయును. ఏమి తిన్నాడు? తిన్న ఎంతసేపటికి బాధ వచ్చినది? ఏమేమి కనబడినవి? ఎంతసేపు నిలిచినవి? అదే పదార్థము అంతకుముందు తిన్నప్పుడు ఏమైనది, తరువాత తిన్నప్పుడు ఏమైనది? ఆ దినమున జ్వరమేమైన కలదా, మందేదైన వేసికొనెనా? ఐ.జి.ఇ. అలర్జీ సాధారణముగా తిన్న కొద్ది నిమిషములనుండి రెండు గంటలలోపల కనబడును; తిన్న ప్రతిసారియు కనబడును. పిల్లలకు వచ్చు దద్దుర్లలో పెక్కు భాగము జలుబు, జ్వరము కలిగించు వైరసులవలన వచ్చినవే గాని ఆహారమువలన వచ్చినవి కావు.

ఆ కథనుబట్టి రెండు మూడు పదార్థములను ఎంచి, వానికి మాత్రమే చర్మపరీక్షయో రక్తపరీక్షయో చేయించుదురు. కథయు గుర్తును కలిసినచో నిర్ణయము సులభము. కలియనిచో ఆ పదార్థమును రెండు నుండి నాలుగు వారములు మాన్పించి చూతురు. చిట్టచివరి తీర్పు చెప్పునది ఆసుపత్రిలో వైద్యుని యెదుట, మందులు సిద్ధముగా నుంచుకొని, ఆ పదార్థమును కొద్దికొద్దిగా తినిపించి చూచు పరీక్ష. దీనిని ఇంటిలో చేయరాదు. పెద్ద పరీక్షలకును తావు లేకపోలేదు. కారణమే తెలియక ప్రాణాపాయమువరకు వచ్చినవారి విషయమున నిపుణులు వానిని చేయించుట కలదు. పదార్థము మొత్తమును గాక అందలి ఒక్కొక్క మాంసకృత్తును వేరువేరుగా పరీక్షించు పద్ధతియు నేడు వచ్చినది. పల్లీలలో ‘ఆరా హెచ్ 2’ అను మాంసకృత్తుపై గుర్తున్నచో అలర్జీ నిజమగు అవకాశము హెచ్చు. పుప్పొడి పోలికవలన వచ్చిన గుర్తైనచో అపాయము సాధారణముగా తక్కువ. ఇవన్నియు చదువ నేర్చినవారి చేతిలో నుండవలసిన పనిముట్లు.

ఇప్పుడు మఠంపల్లి పిల్లవానివద్దకు మరల పోవుదము. తండ్రి కాగితమును చింపక ముందే అలర్జీ తెలిసిన వైద్యునివద్దకు పోయినాడనుకొందము. వైద్యుడు కాగితమును ప్రక్కన పెట్టి కథ అడిగినాడు. పిల్లవాడు ఈ గొడవకు ముందు దినమును ఇడ్లీతో పల్లీల చట్నీ తినెడివాడు, ఏమియు కాలేదు. పాలు త్రాగెడివాడు, గ్రుడ్డు తినెడివాడు, ఏమియు కాలేదు. దద్దుర్లు వచ్చిన దినములను తల్లి జ్ఞాపకము చేసికొన్నది. మూడుసారులు జలుబు జ్వరముతో వచ్చినవి. రెండుసారులు మాత్రము జ్వరము లేదు. ఆ రెండు దినములును చుట్టముల యింట భోజనము. రెండుమారులును రొయ్యల కూర. తిన్న అరగంటలోపల వచ్చినవి. పెదవులు వాచినది రెండవసారి.

కాగితములో రొయ్యపై గుర్తున్నది. కాని పందొమ్మిదింటిలో అది చిన్న అంకెలలో నొకటి. తల్లి దానిని పట్టించుకొనలేదు. ఇంటిలో ఎన్నడో గాని వండనిది గదా! తండ్రి కాగితమును చింపియుండినచో, నిజమైన అపాయము కూడ దానితోపాటే చెత్తలోనికి పోయియుండును. మూడవసారి రొయ్యలు తిన్ననాడు ఏమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? పొడవైన జాబితా చేయు కీడు రెండువిధములు. తినదగినదానిని పిల్లవాని నోటినుండి లాగివేయును. తినరానిదానిని గుంపులో దాచివేయును.

మొదటి కీడును కూడ తక్కువగా ఎంచరాదు. పాలు, పప్పు, గ్రుడ్డు మానిన పిల్లవానికి మాంసకృత్తులు ఎక్కడినుండి వచ్చును? అదియుగాక, తినుచు అరిగించుకొనుచున్న పదార్థమును ఊరక మాన్పించినచో, శరీరము దానిని సహించు అలవాటును పోగొట్టుకొనవచ్చును. 2015లో లండనులో 640 మంది పసిపిల్లలపై జరిగిన పరిశోధన ఫలితము వెలువడినది. గజ్జి గాని గ్రుడ్డు అలర్జీ గాని కలిగి, పల్లీల అలర్జీ వచ్చు అవకాశము హెచ్చుగానున్న బిడ్డలు వారు. మొదట చర్మపరీక్షలో పల్లీలపై గుర్తు లేనివారిలో, పల్లీలు మాన్పించినవారికి ఐదేండ్ల వయస్సునకు 13.7 శాతము మందికి అలర్జీ వచ్చినది. పసితనమునుండియే తినిపించినవారిలో 1.9 శాతమునకే వచ్చినది. భయముతో మాన్పించుట రక్షణ కాదని, ఒక్కొక్కప్పుడు అదియే చేటని వైద్యలోకము ఆనాడు గ్రహించినది.

మన యూహలోని వైద్యుడు ఆ తల్లికి చెప్పినది ఇంతే: “రొయ్యలు, పీతలు పూర్తిగా మానండి. బయట భోజనానికి వెళ్లినప్పుడు ముందే చెప్పండి. తక్కినవి మానేసి మూడు నెలలైంది గనుక, ఏది ఇంట్లో నేరుగా పెట్టవచ్చునో, ఏది నా ఎదుట పెట్టి చూడవలెనో నేను రాసి ఇస్తాను. ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టండి.” పాలు, గ్రుడ్డు నిజముగా పడని పిల్లలలోను పెక్కుమందికి వయస్సుతోపాటు ఆ అలర్జీ పోవును గనుక, అట్టివారిని ఏడాదికొకసారియైన మరల పరీక్షింపవలెననియు ఆయన చెప్పును.

నిజమైన అలర్జీ ఉన్న యింటివారు ఒక సంగతి మరువరాదు. తిన్న కొద్దిసేపటికి దద్దుర్లతోపాటు ఆయాసము, గొంతు బిగియుట, మాటిమాటికి వాంతి, కండ్లు తిరుగుట, స్పృహ తప్పుట కలిగినచో అది ఆగి చూడదగిన సమయము కాదు. ఆ స్థితికి మందు తొడ కండరమునకు వేయు అడ్రినలిన్ ఇంజెక్షను. దురద మాత్ర ఆ పని చేయదు. వెంటనే 108కి ఫోను చేసి, సమీపమున అడ్రినలిన్ వేయగల ఆసుపత్రికి చేర్పవలెను. రోగిని పడుకొనబెట్టి కాళ్ళు ఎత్తుగా నుంచవలెను, ఆయాసము హెచ్చుగా నున్నచో కూర్చుండనీయవచ్చును, లేపి నడిపింపరాదు. మండల కేంద్రమునుండి పట్టణమునకు పోవు దారి పొడవైనప్పుడు ఈ తెలివి మరింత విలువైనది. తమ యూరికి దగ్గరలో ఆ సౌకర్యము ఎచ్చట కలదో ముందే విచారించి యుంచుకొనుట మేలు.

చివరకు శ్రోతలకు మా విన్నపము. పరీక్షా కాగితము చేతికి వచ్చినప్పుడు దానిని మూడు ప్రశ్నలు అడుగుడు. ఇది ఐ.జి.ఇ.యా, ఐ.జి.జి.యా? గుర్తున్న పదార్థమును మేము తిన్నప్పుడు నిజముగా ఏమైన అయినదా? ఈ పరీక్షను అడిగినది మా కథ విన్న వైద్యుడా, లేక కథ వినకయే చేయించుకొంటిమా? ఈ మూడింటికి సమాధానము లేనంతవరకు ఆ కాగితమును నమ్మి విస్తరిలోని పదార్థమును తీసివేయవలదు, విసిగి కాగితమును చింపివేయవలదు. దానిని వైద్యునివద్దకు తీసికొనిపోవుడు. దానితోపాటు ఏనాడు, ఏమి తిన్న, ఎంతసేపటికి, ఏమైనదో ఒక పుస్తకమున వ్రాసి తీసికొనిపోవుడు. తల్లి చేతివ్రాతతోనున్న ఆ పుస్తకము లేనిదే యంత్రము వేసిన అంకెలకు అర్థము చెప్పుట ఎంతటి వైద్యునికైనను కష్టము.